కొలత అయ్యేదాకా మాట్లాడకు

ముందుగదిలో లిఫ్టు మెకానిక్కు కొత్త స్పీకర్ల మధ్య చతికిలబడి ఉన్నాడు. భార్య అతని ప్రయాణానికి సంచీ సర్దుతోంది. ఆమె చెల్లెలు వంటింట్లో ఉంది.

“ఏమండీ, స్వెటర్ పెట్టనా?”

“ఈ ఎండల్లో స్వెటరేంటే? శనివారానికి వచ్చేస్తాగా. వద్దు.”

“పెట్టేశాను.”

“పెట్టేసి అడగడం దేనికి?”

“వద్దంటారని తెలిసే.”

“సరే, అటు పట్టు. వెనక స్పీకరు వైరు చాల్లేదు. సోఫాని ముందుకి జరుపుదాం.”

“చెప్పు సరిపోలేదని కాలు కోసుకున్నట్టుంది. టీవీ కింద పెట్టుకునే ఆ పొడుగుబద్ద కొంటే పోయేది. ఒకటే వైరు.”

“సౌండ్‌బారా? అదెంత అరిచినా ముందునుంచే. ఈ ధరలో వెనక రెండు స్పీకర్లిచ్చేది ఇదొక్కటే. సినిమాలో వాన పడితే మన వెనక కూడా పడాలి.”

“వంటింట్లో ఎలాగూ కప్పులోంచి పడుతుంది బావా, సినిమా లేకపోయినా.”

“విన్నాంలే మరదలా. నువ్వు పొయ్యి చూసుకో.”

“అక్కా, నువ్వొకసారి ఇటు రా.”

“వస్తున్నా... ఏంటే?”

“చెప్పావా?”

“మెల్లగా. ఇంకా లేదు.”

“రేపు సోమవారం నీకు ఆపరేషన్. కట్టుకున్నవాడికి చెప్పకుండా బల్లెక్కుతావా? బావ కోసం కారు వచ్చేలోగా చెప్పు.”

“చెప్తే ప్రయాణం మానేస్తారు.”

“మాననీ.”

“మానేసి నా ఎదురుగా కూర్చుంటే నాకింకా భయమే. చెప్పకుండా పంపాక నాకేదన్నా అయితే... అదీ భయమే.”

“అందుకే చెప్పు. లేకపోతే నేను చెప్తా.”

“వద్దు, నేనే చెప్తా. ఆ వైర్ల గొడవ తెమలనీ.”

“ఏమే! శబ్దం రావట్లేదు!”

“నేనేం చేశానండీ?”

“నిన్ననలేదు, టీవీని. ఎర్రది ఎర్రదానికీ, నల్లది నల్లదానికీ కలిపాను. అయినా మూగనోము పట్టింది.”

“బావా, టీవీ వెనక వైరు ఏ కన్నంలో పెట్టారు? ఏఆర్‌సీ అని రాసి ఉన్నదాంట్లోనే పెట్టాలని అట్టపెట్టె మీద బొమ్మేశారు.”

“చూశాను. ...చూడలేదు. ఆఁ, వచ్చింది! పదహారంతస్తుల లిఫ్టుకి వైర్లు కలిపేవాణ్ణి నేను.”

“ఏమండీ, ఆ లిఫ్టెక్కేవాళ్ళకి ఈ సంగతి చెప్పకండి.”

“నవ్వు, నవ్వు. ఇక కొలత ఒక్కటే మిగిలింది. ఈ బుల్లి మైకు నీ కుర్చీలో పెడతా. ఒక్కో స్పీకరూ కూత పెడుతుంది, ఏది ఎంత దూరమో అదే లెక్కేసుకుంటుంది. అంతసేపూ చప్పుడు చెయ్యకూడదు.”

“ఏమండీ, మీకో మాట—”

“ఉష్! ...చూశావా? గదిలో చప్పుడుంది, మళ్ళీ చెయ్యమంటోంది.”

“ఒక్క మాటకే?”

“దానికి ఒక్క మాటైనా మాటే.”

“అసలు నా కుర్చీలో ఎందుకండీ? మీ కుర్చీలో పెట్టండి.”

“నేను ఊళ్ళు పట్టి తిరిగేవాణ్ణి. ఇంట్లో ఉండేది నువ్వు.”

“ఉంటానో, లేదో.”

“ఎక్కడికి పోతావు?”

“అదే చెప్దామని—”

“ఆగాగు, నొక్కేశా. ఉష్!”

“అక్కా, చెప్పవేం?”

“మరదలా! మళ్ళీ మొదటికొచ్చింది.”

“అక్క మీతో మాట్లాడాలట బావా.”

“వద్దన్నానా? కూతలయ్యాక మాట్లాడమను. ఇదే ఆఖరిసారి, ముగ్గురం నోళ్ళు కుట్టేసుకుందాం. ఏమే, నువ్వొచ్చి కూర్చో. మైకు చెవి దగ్గర పట్టుకో. ఖాళీ కుర్చీని కొలిస్తే ఏం లాభం?”

“ఇలాగేనా?”

“అలాగే. కదలకు.”

“...”

“...”

“అయింది! కొలత కుదిరిందంటోంది. ఊఁ, ఇప్పుడు చెప్పు. ఏంటా మాట?”

“కింద కారు హారన్ కొడుతోంది బావా.”

“అప్పుడే వచ్చాడా? ఆ సంచీ ఇలా తే. చెప్పవే, వింటున్నా.”

“ఏం లేదండీ.”

“ఇందాకట్నుంచీ మాట, మాట అన్నావుగా?”

“ఎడమ పక్క వెనక స్పీకరు కాస్త తక్కువగా వినిపిస్తోంది.”

“అంతేనా? వచ్చాక చూస్తా. అప్పటిదాకా ముట్టుకోకండి, కొలత పోతుంది. వెళ్ళొస్తా.”

“జాగ్రత్తండీ. చేరగానే ఫోన్ చెయ్యండి.”

“అక్కా! ఇదా నువ్వు చెప్పిన మాట?”

“వచ్చాక చెప్తాలే.”

“వచ్చాకా?”

“ఆయన వచ్చేసరికి నేనుంటే.”

సోమవారం ఆపరేషన్ బాగా జరిగింది. శుక్రవారం ఆమె తన కాళ్ళ మీద తానే మెట్లెక్కి ఇంటికొచ్చి, ఆ కుర్చీలో కూర్చుంది. శనివారం తిరుగుదారిలో అతని బస్సు బోల్తాపడింది; తిరిగి రానిది అతను.