వ్యానుకు లోపలి కప్పు

మెకానిక్ షెడ్డు వెనక ఆగి ఉన్న పాత వ్యానులో అన్నయ్య బల్ల మీద నిలబడి, పైకప్పు రేకుకు జిగురు పూస్తున్నాడు. చెల్లెలు కింద నుంచి థర్మోకోల్ అట్టలు అందిస్తోంది.

“అది కాదన్నయ్యా, ఇవి ఫ్రిజ్ పెట్టెల్లో వచ్చే థర్మోకోల్ ముక్కలేగా?”

“అవే. షాపువాడు బయట పారేస్తుంటే తెచ్చుకున్నాను. వేడి ఆపడానికి కొత్తవైతేనేం, పాతవైతేనేం? ఆ పొడుగుది ఇలా ఇవ్వు.”

“ఇది విరిగిందిగా!”

“విరిగితే విరిగింది, టేపు వేద్దాం. నొక్కి పట్టుకో. వదలకు, వదలకు.”

“చేతులు లాగేస్తున్నాయి బాబూ!”

“అందుకేగా నిన్ను పిలిచింది. ఒక్కణ్ణే అయితే ఇటు నొక్కేలోగా అటు ఊడి నెత్తిన పడుతోంది.”

“సరే, ఇంతకీ ప్రయాణం ఎప్పుడు?”

“చూద్దాం.”

“బండి కొన్నప్పటి నుంచీ చూద్దామనే అంటున్నావు. ఎటు వెళ్తావో అదైనా చెప్పు.”

“రేకుకీ అట్టకీ మధ్య సందు ఉండకూడదే. ఉంటే చెమ్మ పట్టేస్తుంది.”

“నేనడిగేదేంటి, నువ్వు చెప్పేదేంటి? అవునూ, ఆ మూల నీ చొక్కాలన్నీ ఉన్నాయేంటి? కుక్కరు కూడానా!”

“దారిలో పనికొస్తుందని.”

“ఇందులో పొద్దుటి అన్నం ఉంది.”

“...మూత పెట్టెయ్.”

“అన్నయ్యా, ఇల్లేం చేశావు?”

“ఖాళీ చేశాను. మీ వదిన వెళ్లిపోయాక ఒక్కడికి మూడు గదులెందుకే?”

“మాట మాత్రం చెప్పలేదే! మా ఇంటికి రాకూడదూ?”

“మీ ఇంట్లో మీకే చోటు చాలదు. ఇక్కడ బాగానే ఉందిలే.”

“అంత బాగుంటే, ఎండలు పోయాక ఇప్పుడెందుకు ఈ తంటా?”

“వాన కోసం.”

“కారుతోందా?”

“చుక్క కారదు. చప్పుడు. రేకు మీద చినుకులు పడుతుంటే ఎవరో తలుపు తట్టినట్టే ఉంటుంది. లేచి తీస్తాను, ఎవరూ ఉండరు. పడుకుంటాను. మళ్లీ తట్టినట్టుంటుంది. మళ్లీ తీస్తాను.”

“వదినేమో అనుకుంటావా?”

“జిగురు ఆరిపోతోంది. కానియ్, కానియ్.”

“ఇదిగో, ఇదే ఆఖరిది. తలుపు పైన ఇంకా రేకు కనిపిస్తోంది చూడు, అక్కడ పెట్టెయ్.”

“అక్కడ వద్దు.”

“అదేంటి? చప్పుడంతా అట్నుంచే లోపలికొస్తుంది!”

“వద్దులేవే, వదిలెయ్. అన్నీ మూసేస్తే, నిజంగా ఎవరైనా వచ్చి తట్టిన రోజున నాకు వినబడొద్దూ?”