మీరు పెట్టిన ఎర్ర చుక్క

అసలు అదేం మనిషండీ! నేను గ్యాస్ కట్టేశానంటే నమ్మడు, లేచి వెళ్లి మళ్లీ తిప్పి చూసొస్తాడు. తలుపు గడియ పెట్టానంటే ఓసారి లాగి చూస్తాడు. పాలు కాచి ఇస్తే వాసన చూస్తాడు. అలాంటి మనిషి, మీరు బాగుచేసి బిగించిన గాలి గొట్టం నోట్లో పెట్టుకుని ఏ అనుమానమూ లేకుండా నీళ్లలోకి దూకేస్తాడు!

నేనెవరినా? చెప్పలేదు కదూ. రేవులో నీళ్ల కిందకి దిగి పడవల అడుగు గీకే ఆయన లేడూ, ఎడం చెవి సరిగ్గా వినపడదు... ఆఁ, ఆయనే. ఆయన భార్యని. ఆయన మాట ఎత్తగానే మీ మొహం విప్పారింది చూశారూ, సరిగ్గా దానికే నాకు ఒళ్లు మండేది.

వద్దండీ, కూర్చోను. కూర్చుంటే కోపం దిగిపోతుంది. రెండు బస్సులు మారి మోసుకొచ్చాను దాన్ని, ఈ సంచీతో పాటు.

మా ఇంట్లో మీ జపం ఎలా సాగుతుందో మీకేం తెలుసు! "ఆవిడ బల్ల మీద మరక కనపడదు." "ఆవిడ విప్పిన ముక్క విప్పినట్టు వరసగా పేరుస్తుంది." "ఆవిడ తొందరపడదు." అంటే నేను తొందరపడతాననేగా? మొన్న మా ఆడపడుచు వచ్చింది. భోంచేస్తున్నంతసేపూ ఇదే గోల విని, "వదినా, అన్నయ్య నిన్ను ఎప్పుడైనా ఇంతలా పొగిడాడా?" అని నవ్వింది. నేనూ నవ్వాను. వంటింట్లోకి వెళ్లి గిన్నెలు ఎత్తి పడేశాను.

ఇంకోటి చెప్పనా? ఆయన బీరువాలో, ఇస్త్రీ చొక్కాల కింద, చిన్న చిన్న కవర్లు. ఏం దాచాడో అని విప్పాను. రబ్బరు రింగులు! అరిగిపోయినవీ, చిట్లిపోయినవీ. తీసేసిన పాత ముక్కలు మీరు తిరిగి ఇచ్చేస్తారటగా, నిజంగానే మార్చామని కళ్లకి కనపడాలని? మంచి పద్ధతే, కాదనను. కానీ చొక్కాల కింద ఏమిటండీ? పెళ్లైన కొత్తలో నేను రాత్రీ పగలూ కూర్చుని అల్లిచ్చిన ఉన్ని టోపీ ఎక్కడుందో అడగండి ఆయన్ని, చెప్పలేడు. మీరు తీసి పారేయాల్సిన రబ్బరు మాత్రం బీరువాలో పదిలం!

నవ్వకండి. నాకు ఏడుపొచ్చింది.

అందుకేనండీ, ఈ పని చేసింది. గొట్టం నోట్లోంచి తీసినా బుసబుసమని గాలి వదిలేస్తోంది, సర్వీసు చేయించాలి, వెళ్లడానికి తీరిక దొరకడం లేదు అని ఆయన అన్నాడు. "నేనిచ్చొస్తాలెండి" అన్నాను. మీ దగ్గరికేనని ఆయన అనుకున్నాడు, నేనూ అనుకోనిచ్చాను. ఊళ్లో మీరొక్కరేనా ఈ పని చేసేది? ఇంటికి దగ్గర్లో నమ్మకమైన షాపు వెతికి పట్టుకుని, చక్కగా చేయించుకొచ్చి, ఆయన దాంతో దిగి హాయిగా పైకొచ్చాక అప్పుడు నింపాదిగా చెబుదామని. "ఏమండీ, ఇది ఆవిడ చేసింది కాదు, నేను చూసిన షాపులో చేసింది" అని. అప్పుడు ఆ మొహం ఎలా ఉంటుందో చూడాలని. అంతే, ఇంకే పాపమూ తలపెట్టలేదు.

తిరిగానండీ, తక్కువ తిరగలేదు. ఒకచోట సైకిల్ పంపులూ, నీళ్ల మోటార్లూ, ఈ గొట్టాలూ అన్నీ ఒకే బల్ల మీద పడేసున్నాయి. ఆ కొట్టువాడి చేతులకున్న గ్రీజు చూసి వెనక్కొచ్చేశాను. ఆ కంపంతా పీల్చాల్సింది మా ఆయనే కదా! ఇంకోచోట, ఈత బట్టలు అమ్మే కొట్లో, "ఇక్కడ పెట్టేసి వెళ్లండి ఆంటీ, మేం బయటికి పంపిస్తాం" అంది ఒకమ్మాయి. ఎవరికి పంపుతావమ్మా అంటే తెలీదట. తెలియని వాళ్లకి పంపడానికి ఇదేమన్నా చిరిగిన గొడుగా?

ఆఖరికి మార్కెట్ వెనకాల ఒకటి దొరికింది. అద్దాల తలుపు, నున్నటి గచ్చు, కూర్చోమని కుర్చీ వేశారు, అడగకుండానే మంచినీళ్లు ఇచ్చారు. మీ ఫ్యాను చూడండి, ఎలా కీచుమంటోందో! నేను పొంగిపోయాను. "పాత ముక్కలు తిరిగివ్వాలి సుమా" అని గట్టిగా చెప్పాను కూడా, నాకేదో ఇందులో అనుభవం ఉన్నట్టు. ఇచ్చారు, కవర్లో పెట్టి మరీ. గొట్టం తళతళా మెరిసిపోతోంది.

నిన్న ఇంటికి తెచ్చి ఆయన చేతికిచ్చాను. "ఆవిడే చేసిందా?" అన్నాడు.

"ఆవిడే" అన్నాను.

అంతేనండీ. తీసి సంచీలో పెట్టేసుకున్నాడు. అటూ ఇటూ తిప్పి చూడలేదు, నోట్లో పెట్టుకుని పీల్చి చూడలేదు. "ఎల్లుండి పొద్దున్న ఓ పెద్ద పడవ కింద దిగాలి, మంచి సమయానికి తెచ్చావు" అన్నాడు. అంటే రేపే. ఇన్నేళ్ల కాపురంలో నా మాట తరచి చూడకుండా నమ్మడం అదే మొదటిసారి. అది కూడా అబద్ధం!

నమ్మకపోతే పోట్లాడటం అలవాటే, నమ్మేస్తే ఏం చెయ్యాలో తెలిసి చావలేదు. ఇవాళ ఆయనకి ఒడ్డు మీద పని. ఆయన అటు వెళ్లగానే, సంచీ పట్టుకుని నేనిటు వచ్చేశాను. ఇదిగో, తీసుకోండి. ఎలా చేశారో చూసి చెప్పండి. బాగా చేశారంటే బాగుందని ఒప్పుకోవాలి మరి, పంతానికి పోకూడదు.

అదేమిటి, విప్పకుండానే తల అడ్డంగా తిప్పుతున్నారు? ఏదీ... ఆ ఎర్ర చుక్కా? గోళ్ల రంగులా ఉందే. ఏం, మీరు పెట్టిందా? బిగించాక, రెండు ముక్కలూ కలిసే చోట పెడతారా? అంటే ఎవరు విప్పినా ఆ చుక్క రెండుగా పగలాలన్నమాట. పగల్లేదుగా. అంటే...

వాళ్లు అసలు విప్పనే లేదా!

మరి ఈ కవర్లో ముక్కలు? దీనివి కానే కావా? ఎవరి గొట్టంలోవో తీసి నా చేతిలో పెట్టారా? నేను కూడా గొప్పగా అడిగి మరీ తెచ్చుకున్నాను కదండీ! పైపైన తుడిచి మెరుగు పెట్టి ఇస్తే, అదే పదివేలనుకుని...

ఆ కుర్చీ ఇలా జరపండి. కూర్చుంటాను.

రేపు దీంతో దిగుంటే... వద్దు, చెప్పకండి. ఏమయ్యేదో నాకు చెప్పకండి. మీరు పని కానివ్వండి, నేనేదో ఒకటి వాగుతూ ఉంటాను.

మీరు నేననుకున్నట్టు లేరు, తెలుసా? ఎవరో నాజూకుగా ఉంటుందనుకున్నాను. మీరేమో కళ్లజోడుకి తాడు కట్టుకుని, ఆ పొట్టు లేచిన వేళ్లతో... మీరు అందగత్తె అయుంటే బాగుండేదండీ. నిజంగా! అందగత్తె అయితే నాలుగు తిట్టుకుని, అద్దం ముందు నిలబడి నా తంటాలేవో నేను పడేదాన్ని. ఈ నమ్మకమనేదానికి నేనేం పూసుకోవాలి, మీరే చెప్పండి?

అబ్బ, ఎంత వరసగా పేరుస్తున్నారో. అచ్చం ఆయన చెప్పినట్టే. చూస్తుంటే కడుపు రగిలిపోతోంది, చూపు మాత్రం తిప్పుకోలేకపోతున్నాను.

నోట్లో పెట్టుకుని పీల్చి చూస్తున్నారా? చూడండి, చూడండి. ఎలాగూ జవాబు చెప్పలేరు కాబట్టి ఇప్పుడే అడిగేస్తాను. ఇక్కడికొచ్చి ఏం మాట్లాడతాడండీ ఆయన? ఇంట్లో ఒక్క ముక్క చెప్పడు. కింద ఎంత చీకటిగా ఉంటుంది, చలేస్తుందా, భయమేస్తుందా అని అడిగితే "పనైంది" అంటాడు. మీకు చెబుతాడా అవన్నీ? ఊఁ? తల ఊపకండి! మీరు అవునన్నా నేను తట్టుకోలేను, కాదన్నా నమ్మలేను.

అయిపోయిందా? మళ్లీ చుక్క పెడుతున్నారా? ఆగండాగండి. ఒక్క మర నన్ను బిగించనివ్వండి. ఒక్కటంటే ఒక్కటే. మీ కళ్ల ముందే బిగిస్తాను.

కుదరదా? పోనీ సగం తిప్పి ఇస్తాను, మిగతా సగం... సరేలెండి, తెలుసు. మీరు గనక ఊఁ అనుంటే, నేనే ఇంటికెళ్లి ఆయనతో "ఆవిడ దగ్గరికి ఇంక వెళ్లకండి" అని చెప్పేదాన్ని.

ఇదేమిటి? నోట్లో కరుచుకునే రబ్బరు కదూ? కొత్తదా? ఇది నేను తొడగొచ్చా? తొడిగి, ఈ ప్లాస్టిక్ పట్టీ చుట్టూ తిప్పి లాగితే చాలా? కింద ఉన్నంతసేపూ ఆయన పళ్ల మధ్య ఉండేది ఇదేనా?

అయితే ఇలా ఇవ్వండి. ఇది నా పని.

ఇంకా లాగనా? ఇంక రావడం లేదు. చూడండి, పీకినా ఊడటం లేదు. పట్టీకి మిగిలిన తోక కత్తిరించేశారా, సరే.

వస్తానండీ. జరిగింది ఆయనకి మీరు చెప్పకండి. రేపు పైకొచ్చాక నేనే చెబుతాను. తిడతాడు, తిట్టనివ్వండి. రేపట్నుంచి గ్యాస్ రెండుసార్లు తిప్పి చూస్తాడు, చూడనివ్వండి.

ఏమండీ... ఇదిగో, సంచీ మళ్లీ విప్పుతున్నాను. ఆ పట్టీ, నేను కట్టింది, మీరు కూడా ఓసారి లాగి చూడరూ? గట్టిగానే కట్టాను, అయినా నా చెయ్యి కదా. మీరు చూసి సరే అంటే గానీ నాకు కాలు కదలదు.

చూశారుగా, నాకూ మీ మీదే నమ్మకం. నా ఖర్మ కాకపోతే!