చంక గీతకు రెండు వేళ్లు పైన

నీతో మాట్లాడుతున్నానని మురిసిపోకు హుయ్. నేను ఈ టీ కూజాతో చెప్పుకుంటున్నా. ఇరవై రెండేళ్లుగా ఈ టీ హోటల్లో ఒకే బల్ల దగ్గర కూర్చుంటున్నాం, ఒక్క మాట లేదు. ఇవాళ మాత్రం నీతో నాకేం పని?

నువ్వే చెప్పు కూజా! మనిషి పొట్టలో ఒత్తిడి కొలవడమేమిటి? కిడ్నీలు పోయాయి, సరే. రెండు లీటర్ల మందునీళ్లు పొట్టలోకి దింపుకుని, కొన్ని గంటలుంచి తీసేస్తున్నా, సరే. రోజుకు నాలుగుసార్లు. ఇప్పుడు ఆ నీళ్లు లోపల ఎంత గట్టిగా తోస్తున్నాయో చూడాలట!

నిన్న ఆసుపత్రిలో నర్సు యిమ్ నన్ను వెల్లకిలా పడుకోబెట్టింది. పొట్టలోంచి వచ్చే గొట్టాన్ని నిలువుగా ఎత్తి, పక్కన స్కేలు పెట్టింది. నా పొట్టలో నీళ్లు గొట్టంలోకెక్కి నిలబడ్డాయి! ఊపిరి పీలిస్తే పైకి, వదిలితే కిందికి. నవ్వకు. నవ్వితే ఇంకా ఎగురుతాయి.

"తాతా, పొట్ట బిగించకండి."

"బిగించలేదమ్మా, నా పొట్టే అంత."

"ఎవరిమీదైనా కోపంగా ఉన్నారా?"

నీ మొహం గుర్తొచ్చింది. నీళ్లు జానెడు లేచాయి!

"కాసేపు ఆయన్ని మర్చిపోండి తాతా."

అంత తేలికా?

స్కేలు మీద పద్దెనిమిది సెంటీమీటర్లు దాటితే ప్రమాదమట, బొడ్డు దగ్గర పేగు పొడుచుకొస్తుందట. అందుకని మందునీళ్లు తక్కువ పట్టే చిన్న సంచి ఇస్తారట. అప్పుడు రోజుకు ఐదుసార్లు. ఆ ఐదోది సరిగ్గా పొద్దున్న ఈ వేళకే! అంటే నేను ఇంట్లో గొట్టానికి కట్టుబడి ఉంటే, ఈ కిటికీ పక్క కుర్చీలో నువ్వు. ఈ రొయ్యల కుడుములూ నీకే. చచ్చినా ఒప్పుకుంటానా?

నాకు అక్షరాలు రావు. గీతలు వచ్చు. యాభై ఏళ్లు తూకపు కర్రలు చేశా, గీత గీతకీ ఇత్తడి చుక్క కొట్టి. సున్నా ఎక్కడుందో చూడకుండా ఏ కొలతా నమ్మను. ఓరగా చూశా. స్కేలు మీద సున్నా చంక మధ్యనుంచి పక్కవెంట దిగే గీతకు సరిగ్గా ఉండాలి, పోయిన నెల ఆ పిల్లే చెప్పింది. ఈసారి రెండు వేళ్లు పైన పెట్టింది.

"పదహారు! భేష్ తాతా!"

పదహారు కాదు. ఆ రెండు వేళ్లూ కలిపితే పంతొమ్మిది.

నోరు మూసుకున్నా.

అవును, నేనే! నా కర్ర దొంగతూకమని చేపల బజారులో నువ్వు అరిచావని ఇన్నేళ్లూ నీతో పలకనివాణ్ని, నేనే!

ఏమిటా చూపు?

ఆ కర్ర... చుక్క ఒకటి బియ్యపు గింజంత పక్కకు పడింది హుయ్. కొట్టినప్పుడే తెలుసు. ఎవరు కనిపెడతారులే అనుకున్నా.

చాలు చాలు, అరకప్పే పొయ్యి, నాకు తాగే నీళ్లకీ కొలతే. బల్ల మీద రెండు వేళ్లు తట్టానా? టీ పోస్తే మెప్పుగా ఎవరికైనా అలా తడతాం. అలవాటు.

ఇదంతా కూజాతో అన్నా. నువ్వు విన్నావంటే తప్పు నీది.