కంటి డబ్బా తాగిన డీజిల్

ఈ సాయంత్రం మనందరికీ పెద్దదిక్కుగా కూర్చున్న ట్రస్టు అధ్యక్షులు వామన్‌రావు గారికి, ఓపీ ముగించి తెల్లకోటుతోనే వచ్చేసిన డాక్టర్ నళిని గారికి, మన దాత రామచంద్రమూర్తి గారికి, మోకాళ్ల నొప్పులంటూనే గన్‌ఫౌండ్రీలోని ఈ మూడో అంతస్తు దాకా ఎక్కి వచ్చిన జంగమ్మ చిన్నమ్మకు, నా తోటి సిబ్బందికి, ఈ రోజు పదవీ విరమణ చేస్తూ, మెడలోని బంతిపూల దండ ఎప్పుడు తీసేయొచ్చా అని చూస్తున్న మా పోచయ్య కాకకు నా నమస్కారాలు.

కాగితం చూసి మాట్లాడుతున్నందుకు మన్నించండి. క్యాంపుల్లో మైకు పట్టుకుంటే నవత ఆపదని మీరే అంటారు. కానీ ఈ రోజు నేను ఒక తప్పు ఒప్పుకోవాలి. నోటికి వదిలేస్తే ఎక్కడ దాటేస్తానో అని రాసుకొచ్చాను.

మన పని తెలియని బంధువులు కూడా వచ్చారు కాబట్టి చెబుతాను. మన ట్రస్టు పల్లెల్లో కంటి పరీక్షల క్యాంపులు పెడుతుంది. యంత్రాలు, కళ్లద్దాలు, మందులు అన్నీ ఒక మూసిన ట్రాలీలో వెళతాయి. మనిషి కంటే ఎత్తుగా, అల్మారాను చక్రాల మీద నిలబెట్టినట్టు ఉంటుంది. దాన్ని పికప్ బండి వెనక తగిలించి లాగాలి. ఆఫీసులో దాన్ని ‘కంటి డబ్బా’ అంటాం. ఆ డబ్బాను పందొమ్మిదేళ్లు నాంపల్లి షెడ్డు నుంచి ఊరూరికీ లాక్కెళ్లి, ఒక్క అద్దం పగలకుండా తిరిగి తెచ్చిన మనిషి పోచయ్య కాక.

మూడేళ్ల కిందట నేను ఇక్కడ చేరాను. మా నాయన నాంపల్లి స్టేషన్లో హమాలీ. మా ఇంట్లో బడి గడప తొక్కిన మొదటి మనిషిని నేనే. కోఠిలో డిగ్రీ చదివి, ఉద్యోగం సంపాదించి, కాగితం మీద ఉన్నదే నిజమని గట్టిగా నమ్మి వచ్చాను. చేరిన రెండో నెలలో బండి మైలేజీ చూశాను. ట్రాలీ లేకుండా తిరిగినప్పుడు లీటరుకు పదమూడు కిలోమీటర్లు ఇచ్చే బండి, ట్రాలీ తగిలిస్తే ఏడే ఇస్తోంది. సరే, బరువు కదా అనుకున్నాను. కానీ తిరిగి వచ్చేటప్పుడు కళ్లద్దాలు పంచేసి, మందులు అయిపోయి, డబ్బా సగానికి పైగా ఖాళీ. అప్పుడూ అదే ఏడు, ఒక్కోసారి ఇంకా తక్కువ. ఖాళీ డబ్బాకు అంత డీజిల్ ఎందుకు?

ఆ ప్రశ్న నేను పోచయ్య కాకను అడగలేదు. ‘డీజిల్ పక్కదారి పడుతున్నట్టు అనుమానం’ అని కమిటీకి ఉత్తరం రాశాను. అవును, రాసింది నేనే. మీలో చాలామందికి కాకను ట్రాలీ మీద నుంచి నెలన్నర తప్పించిన సంగతి తెలుసు. ఎవరి మాట మీద తప్పించారో తెలియదు.

ఆ నెలన్నర ఆయన ఇదే ఆఫీసులో, ఆ తలుపు పక్కన బల్ల మీద కూర్చొని ఫైళ్లు మోశారు. ప్రతి మంగళవారం మధ్యాహ్నం నా టేబుల్ మీద రెండు జొన్నరొట్టెలు, కొంచెం పచ్చడి పెట్టి వెళ్లేవారు. నన్ను మంచి చేసుకోవడానికే అనుకున్నాను. అనుకొని కూడా తిన్నాను. (నవ్వులు)

ఈలోగా కిరాయికి పెట్టుకున్న డ్రైవరు చేతిలో బండి ఐదున్నర ఇచ్చింది. అప్పుడు వామన్‌రావు గారు నన్ను పిలిచి, “అమ్మా, లెక్క బరాబర్ వేసినవ్. ఆ మనిషిని ఒక్క మాట అడిగినవా?” అన్నారు. లేదన్నాను. “రేపు ఆయన పక్కన కూసోని పోయిరా” అన్నారు.

కల్వకుర్తి వైపు క్యాంపు. నాంపల్లిలో ట్యాంకు నిండుగా కొట్టించి బయలుదేరాం. నిండు ట్రాలీతో కాక యాభై దాటలేదు. ముందు సిగ్నల్ ఎర్రబడుతోందని ఎంతో దూరం నుంచే కాలు తీసేసేవారు. బ్రేకు తొక్కిన ప్రతిసారీ అంత బరువునూ మళ్లీ మొదటి నుంచి లాగాలట. అక్కడ మళ్లీ నింపి చూస్తే ఎనిమిది వచ్చింది. క్యాంపు ముగిశాక, “వచ్చేటప్పుడు మామూలుగా ఎంత స్పీడులో తోలుతారో అంతలోనే తోలండి” అన్నాను. ఎనభైలో వచ్చాం. చీకటి పడకముందే ఇల్లు చేరాలని మా డాక్టర్లు తొందరపెడితే ఆయన తోలే వేగం అదే. నళిని మేడం, మీరు నవ్వుతున్నారు గానీ అందులో మీ వాటా కూడా ఉంది. (నవ్వులు)

దారి ఖాళీగా ఉన్నచోట కాక, “మేడం, చెయ్యి జర బయట పెట్టు. అరచెయ్యి నేల దిక్కు పెట్టు” అన్నారు. పెట్టాను. “ఇప్పుడు అరచెయ్యి ముంగటికి తిప్పు.” తిప్పానో లేదో చెయ్యి వెనక్కి వెళ్లి కిటికీ అంచుకు కొట్టుకుంది.

“చేతిల ఏమన్న బరువున్నదా?”

“లేదు.”

“మరి ఎందుకు గుంజింది? డబ్బల ఏమున్నదో గాలికి తెల్వది మేడం. ముంగట ఎంత వెడల్పున్నదో గదే తెలుసు. పోయేటప్పుడు బరువు తాగుతది, వచ్చేటప్పుడు మన తొందర తాగుతది.”

నాంపల్లిలో మళ్లీ నింపించాం. ఖాళీ ట్రాలీకి ఆరు వచ్చింది. నిండు ట్రాలీ కంటే ఖాళీ ట్రాలీ ఎక్కువ తాగింది. “ఈ మాట ముందే చెప్పొచ్చు కదా కాకా?” అన్నాను. అప్పటిదాకా ఆయన్ను నేను డ్రైవర్ గారూ అనేదాన్ని.

“అడిగితే చెప్పకపోదునా? నువ్వు అడగలే, రాసినవ్” అన్నారు.

ఆ వారమే ఆయన్ను తిరిగి ట్రాలీ మీదకు తీసుకున్నారు. రాగానే ఆయన చేసిన మొదటి పని, డబ్బా నెత్తిన గాలికి అడ్డంగా నిలబడి ఉన్న పెద్ద బోర్డు దింపించడం. అది రామచంద్రమూర్తి గారి నాన్నగారి పేరున్న బోర్డు. దాన్ని వెనక తలుపుకు బిగించారు. మూర్తి గారూ, ఆ రోజు మీరు ఫోన్లో ఎంత కోప్పడ్డారో నాకు గుర్తుంది. దానికి కాక చెప్పిన జవాబు కూడా గుర్తుంది: “ముంగట ఉంటే ఎదురొచ్చేటోడు సదివేలోపే దాటిపోతడు సారూ. ఎనుకుంటే సిగ్నల్ కాడ అందరు నిమ్మళంగ సదువుతరు.” (నవ్వులు, చప్పట్లు) బోర్డు దింపి, టైర్లలో గాలి ప్రతి ఉదయం చూసుకొని, రానూపోనూ యాభైకి కట్టుబడితే ఇప్పుడు లీటరుకు తొమ్మిది వస్తోంది. అంతకుముందు డీజిల్ నాలుగు ఊళ్లకే సరిపోయేది. అప్పటి నుంచి నెలకు ఐదో ఊరికి కూడా వెళుతున్నాం.

ఇక్కడితో ఆపితే బాగుండేది. కానీ పోయిన వారం ఈ సభకు పిలవడానికి మల్లేపల్లిలో కాక ఇంటికి వెళ్లాను. కాక భార్య జంగమ్మ చిన్నమ్మ మాటల్లో ఇలా అంది: “క్యాంపు దినం నాలుగు రొట్టెలు కడ్త, తొవ్వల ఇంకొకలకు పెట్టొచ్చని. నెలన్నర ఆఫీసుల బల్ల మీద కూసున్నడంట గద. అప్పుడు గూడ నాలుగే కట్టించుకపోయిండు. నాకు మొన్న ఎరుకైంది.” మంగళవారం మన క్యాంపు రోజు కదా, ఇంట్లో తెలియకూడదని క్యాంపుకు వెళుతున్నట్టే రొట్టెల డబ్బా పట్టుకొని వచ్చేవారు. ఆ మిగిలిన రెండు రొట్టెలే నేను తిన్నవి.

ఒక్క నిమిషం, నీళ్లు తాగుతాను.

నా ఉత్తరం ఇప్పటికీ ఆయన సర్వీసు ఫైలులోనే ఉంది. దాన్ని తీసేయించడానికి అధ్యక్షుల అనుమతి తెచ్చుకొని, సోమవారం షెడ్డుకు వెళ్లి కాకకు చెప్పాను. ఆయన టైరు తుడుస్తూ తల ఎత్తకుండానే అన్నారు: “తియ్యకు బిడ్డా. నా పేరు నాతోని ఇంటికొస్తది. నా ఎనుక అంజన్ తోలుతడు. ఆన్ని రేపు ఎవరన్న గిట్లనే అంటరు. నీ ఉత్తరం కిందనే రాయి, అది ఎందుకు తప్పో.”

మూడేళ్లలో ఆయన నన్ను మేడం అనకపోవడం అదే మొదటిసారి.

రాశాను. మీ అందరి ముందు చదువుతాను. “పైన నేను రాసినది తప్పు. పోచయ్య గారి చేతిలో ఒక్క చుక్క డీజిల్ పక్కదారి పట్టలేదు. ఈ ట్రాలీ తగిలిస్తే బండి మైలేజీ దాదాపు సగానికి పడిపోతుంది. ట్రాలీ ఖాళీగా ఉన్నా పడిపోతుంది, వేగం పెంచితే ఇంకా పడిపోతుంది. ఇకమీదట ఎవరికైనా అనుమానం వస్తే, ఉత్తరం రాసే ముందు డ్రైవరు పక్కన కూర్చొని ఒక క్యాంపుకు వెళ్లి రావాలి. ఇట్లు, నవత.” దీని నకలు ఒకటి బండిలో అంజన్ కళ్లముందు అతికించి ఉంది.

నన్ను ఇంతసేపు భరించినందుకు మీ అందరికీ, అడగడం నేర్పినందుకు కాకకు, ఆ రొట్టెలకు చిన్నమ్మకు కృతజ్ఞతలు. పదవీ విరమణ చేసినవారిని ఆఫీసు బండిలో ఇంటి దాకా దింపి రావడం మనకు అలవాటే. ఇందాక మెట్ల దగ్గర చిన్నమ్మ, “పందొమ్మిదేండ్లు గా డబ్బనే గుంజుకుంట తిరిగిండు, ఒక్కనాడన్న నాకు చూపెట్టలే” అంది. అందుకే కింద అంజన్ బండికి ట్రాలీ తగిలించే ఉంచాడు. కాక, చిన్నమ్మ అతని పక్కన కూర్చుంటారు. అబిడ్స్, మొజంజాహీ మార్కెట్, నాంపల్లి దాటి మల్లేపల్లి దాకా, ఈ సాయంత్రం ట్రాఫిక్‌లో, ఖాళీ డబ్బాతో వెళతారు. లీటరుకు ఐదు కూడా రాదు. ఎందుకు రాలేదని నేను ఎవరికీ రాయను.

సెలవు.