తిట్టిన ఉత్తరాన్నీ అచ్చు వేయించిన అక్క

మిత్రులారా, పెద్దలారా, ముందు వరసలో ఉన్న బావగారూ,

హాలు నిండిపోయి మెట్లమీద కూడా నిలబడ్డారు. ఊరేగింపులో నడిచినవారు వచ్చారు. ఆ ఊరేగింపును ఆపాలన్నవారూ వచ్చారు. ఈ గొడవలు మొదలయ్యాక మీరంతా ఒకచోట చేరడం ఇదే మొదటిసారి. దానికి అక్క పోవలసి వచ్చింది.

మా పత్రికలో స్థానిక వార్తలూ, అభిప్రాయాల పేజీ రెండూ ఆవిడే చూసేది. ఆఫీసులో ఆవిడ పేరు 'అడిగావా అక్క'. ఎవరు ఏ వార్త తెచ్చినా ముందు ఆ మాటే. "వాళ్లనడిగావా?"

ఊళ్లో అంటురోగం ముదిరిన రోజుల్లో హమాలీల వీధిని కర్రలు కట్టి మూసేశారు. ఆ వీధివాళ్లు జబ్బు మనుషుల్ని ఇళ్లలో దాస్తున్నారని ఊరంతా గుప్పుమంది. వార్త అచ్చుకు సిద్ధమైంది. అక్క దాన్ని చదివి, పక్కన పెట్టి, స్కూటరు తాళం తీసుకుంది. నేను వెనక కూర్చున్నాను. అక్క భర్త, దర్జీ అయిన మా బావగారు మిగిలిన పువ్వుల కర్టెన్ల ముక్కలతో మాకు మాస్కులు కుట్టి ఇచ్చారు. ముఖం నిండా అంత పెద్ద పువ్వులు వేసుకుని అలాంటి వార్త కోసం వెళ్లినవాళ్లం మేమే అయ్యుంటాం.

కర్రలకు ఇవతల నిలబడి అడిగాం. కిటికీలోంచి ఒక ముసలామె చెప్పింది: "దాచడమేంటమ్మా? పొద్దుటినుంచి అంబులెన్సుకి ఫోన్ చేస్తూనే ఉన్నాం. వీధి పేరు చెప్పగానే పెట్టేస్తున్నారు."

మర్నాడు ఆ మాటే అచ్చయింది. అంబులెన్సు వచ్చింది. ముసలామె కొడుకు బతికాడు. పక్కింటాయన బతకలేదు. కొందరు కోపంతో మా పత్రిక మానేశారు. "మానేసినవాళ్లు మళ్లీ వేయించుకుంటారు. వీధికంటిన మచ్చ పోతుందా?" అంది అక్క.

తర్వాత ఎన్నికలు వాయిదా వేశారు, జనం ఊరేగింపుగా రోడ్డెక్కారు, కాల్పులు జరిగాయి. రాళ్లు రువ్వారు కాబట్టే కాల్చామన్నారు అధికారులు. ఒక్క రాయీ పడలేదన్నారు ఊరేగింపు నాయకులు. అక్క అప్పుడు మందుల దుకాణం మెట్లమీద ఉంది. ఏం రాసింది? "రాళ్లు పడ్డాయి. తుపాకి పేలిన తర్వాత పడ్డాయి."

మొదటి వాక్యానికి వీళ్లకు కోపం. రెండో వాక్యానికి వాళ్లకు కోపం. ఒకరు ఆఫీసు అద్దాలు పగలగొట్టారు, ఒకరు నోటీసు పంపారు. "గాలి బాగా ఆడుతోంది, రోగానికి మంచిదేలే" అని నవ్వి అక్క తన పని చూసుకుంది.

భయపడలేదా? పడింది. తలుపు గడియ పడిందో లేదో రాత్రంతా లేచి చూసుకునేదని బావగారే చెప్పారు. పొద్దున్నే మళ్లీ వచ్చేది. ధైర్యమంటే ఇంతకంటే ఏముంటుందో నాకు తెలియదు.

చివరికి రోగం అక్కనే పట్టుకుంది. ఆస్పత్రి నుంచి ఫోన్ చేసింది. మాటమాటకీ ఆయాసం. కాల్పుల్లో తమ్ముణ్ణి పోగొట్టుకున్న ఒకాయన అంతకుముందే ఆవిడకు ఉత్తరం రాశారు. 'రాళ్లు పడ్డాయని రాసి నా తమ్ముణ్ణి రెండోసారి చంపావు' అని తిట్టారు. అది అచ్చు వేయకుండా నేను ఆపాను. ఎలా తెలిసిందో ఆవిడకు తెలిసింది. "వెయ్యి. తిట్లు తియ్యకు. అక్షరదోషాలు మాత్రం దిద్దు" అంది. ఊపిరి తీసుకుని, "పాపం, ఆయన్ని పలకరించడానికి మనవాళ్లెవరైనా వెళ్లారా?" అంది.

ఎవరూ వెళ్లలేదు. ఉత్తరం ఉన్నదున్నట్టు అచ్చుకిచ్చి నేను వెళ్లాను. ఆయన తలుపు తీశారు. తమ్ముడి గురించి చాలాసేపు చెప్పారు, నేను విన్నాను. తిరిగి వచ్చేసరికి అక్క లేదు.

ఆయన ఇవాళ వచ్చారు. గుమ్మం దగ్గరే ఆగిపోతే బావగారు లేచి వెళ్లి, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి తన పక్కన కూర్చోబెట్టుకున్నారు. మీరంతా చూశారు.

బావగారూ, మీరిద్దరూ కూర్చునే ఉండండి. మిగిలిన మనమంతా లేచి నిలబడదాం. కాసేపు ఎవరం ఏమీ మాట్లాడవద్దు.