స్తంభం మీది గొంతు

(నగరపాలక కార్యాలయంలో వార్తలు రికార్డు చేసే చిన్న గది. పొద్దుటి వార్తలు అప్పుడే అయిపోయాయి. సౌండు పని చూసే ఆయన, ఆయన్ని వెతుక్కుంటూ వచ్చిన బట్టల షాపు అమ్మాయి.)

"మళ్ళీ అదే మాట! ఆర్డరొచ్చింది, ఆర్డరొచ్చింది. ఆ ఆర్డరిచ్చినాయనకి అమ్మ లేదా అన్నయ్యా?"

"ముందు కూర్చో చెల్లెమ్మా. అది కాదు, దాని కాలు ఊగుతుంది. ఇది లాక్కో."

"కూర్చోడానికి రాలేదు. షాపులో పర్మిషన్ అడిగి వచ్చా. రేపట్నించి అక్క గొంతు రాదా? ఆ ఒక్క ముక్క చెప్పండి."

"రాదు."

"మరి వార్తలెవరు చదువుతారు?"

"కొత్తమ్మాయి. నిన్నొచ్చి చదివి చూపించింది. బాగానే చదువుతుందిలే. కాకపోతే మురుగు కాల్వ శుభ్రం చేస్తారన్నా కూడా పెళ్ళికి పిలుస్తున్నట్టు చదువుతుంది."

"నాకిప్పుడు నవ్వు రాదు. మీ స్పీకరు ఉన్నది సరిగ్గా మా ఇంటెదురు స్తంభానికి. అమ్మ మంచం కిటికీ పక్కనే. కళ్ళా, ఆనవు. రోజు మొత్తానికి అమ్మకి అదొక్కటే. అక్క గొంతు వినపడగానే 'అదిగో, మీ అక్క డ్యూటీ ఎక్కింది' అంటుంది. అప్పుడు గాని కాఫీ గ్లాసు ముట్టుకోదు. రేపు ఎవరో పిల్ల మాట్లాడితే నేనేం చెప్పుకోను?"

"ఇన్నాళ్ళూ ఏం చెప్పావు?"

"బదిలీ అయిందన్నా. అక్కడే ఉండి వార్తలు చదివి ఇక్కడికి పంపిస్తోందన్నా. పని ఎక్కువ, సెలవు దొరకట్లేదన్నా."

"నమ్మిందా?"

"నమ్మక? పొద్దున్నే గొంతు వినపడుతుంటే!"

"ఫోన్ ఎందుకు చెయ్యదని అడగలేదా?"

"అడగలేదు."

"ఒక్కసారి కూడా?"

"అడగలేదన్నాగా. రోజూ వినపడే మనిషికి ఫోనెందుకు?"

"సరే. వీధిలో వాళ్ళు?"

"అందరికీ చెప్పి పెట్టా. కూరగాయలావిడకి, కింది వాటా వాళ్ళకి. అమ్మ దగ్గర ఎవరూ నోరు మెదపరు. పక్కింటావిడే కొంచెం... స్పీకరు మొదలవగానే తలుపేసేసుకుంటుంది. ఒళ్ళు జలదరిస్తోందట. జలదరించడమెందుకు, అక్క గొంతే కదా!"

"నాకూ జలదరిస్తుంది చెల్లెమ్మా."

"మీకా? రోజూ ఈ పని చేస్తూనా?"

"చేస్తున్నా కాబట్టే. అమ్మ కోసమని నువ్వు బతిమాలితే ఒప్పుకున్నా గానీ... మీ అక్క చదివిన పాత వార్తలన్నీ ఈ కంప్యూటర్లో ఉన్నాయి. అందులోంచి మాటా మాటా కత్తిరించి, అతికించి కదా రేపటి వార్త చేసేది. మొదట్లో ఒట్టి మాటలే అతికించా. బొమ్మ మాట్లాడినట్టుంది. ఏంటా లోపం అని చూస్తే, ఊపిరి లేదు. మాటకీ మాటకీ మధ్య మనిషి ఊపిరి తీసుకుంటుంది కదా, అది. అప్పట్నించి ఆవిడ ఊపిరి కూడా వెతికి అతికిస్తున్నా. ఈ హెడ్‌ఫోన్లు చెవులకి పెట్టుకుని కూర్చుంటే నా పక్కనే ఉండి ఊపిరి పీలుస్తున్నట్టుంటుంది. మొన్న తల తిప్పి 'ఫ్యానెయ్యనా' అని కూడా అడిగేశా."

"అక్కకి ఫ్యాను పడదు."

"తెలుసు. అందుకే ఇంకా భయమేసింది."

"మీరు భయపడి ఆపించేస్తున్నారా? అదా సంగతి?"

"కాదు. ట్యాంకరు గొడవ గుర్తులేదూ?"

"దానికి మీ ఆఫీసులో పెద్దాయన తిట్టి వదిలేశాడన్నారుగా."

"ఎంతకని వదులుతాడు? మీ అక్క ఎప్పుడూ అనని మాట నేనెక్కణ్ణించి తెచ్చేది? ఊరేమో ఆగదాయె. కొత్త పార్కు తెరిచారు. దాని పేరు ఆవిడ నోట లేదు, ఆ వార్త ఎగ్గొట్టా. మేయరు మారాడు. కొత్తాయన పేరు ఆవిడ పలికింది లేదు. ఒట్టి 'మేయరు గారు' అని ఊరుకున్నా. ఆయన అలిగి కూర్చున్నాడు. అవన్నీ సర్దుకున్నాం. ఆ కొత్త కాలనీలో పైపు పగిలినప్పుడే కదా కొంప మునిగింది. కాలనీ పేరు ఆవిడ గొంతులో లేకపోయె. ట్యాంకరొచ్చేది 'నీళ్ళ ట్యాంకు వెనక' అని అతికించా. ట్యాంకు వెనక రెండు కాలనీలు! లారీ ఒక చోట, బిందెలు పట్టుకున్న జనం ఇంకో చోట."

"ఒక్క పూట నీళ్ళు లేకపోతే చచ్చిపోతారా జనం? ఏంటలా చూస్తున్నారు?"

"ఏం లేదు. నీ నోట ఆ మాట ఇదే మొదటిసారి వినడం."

"ఏ మాట?"

"ఏం లేదులే."

"మాటలు లేకపోవడమే కదా మీ ఇబ్బంది? నేను తెస్తా. అక్క నాకు ఫోన్లో పెట్టిన వాయిసులు బోలెడున్నాయి. పాలు తెమ్మని, తాళం ఎక్కడ పెట్టి చచ్చావని. వాటిలో మీక్కావలసినవన్నీ దొరుకుతాయి."

"ఇంకా ఉంచావా అవి?"

"అమ్మ కోసం ఉంచా."

"వినిపిస్తావా అమ్మకి?"

"అమ్మకెందుకు? స్పీకరుంది కదా."

"మరి?"

"మరేంటి మరి! బస్సులో వింటా. షాపుకెళ్ళేటప్పుడు. పాటలు వినేవాళ్ళు లేరా? అలాగే. అయినా ఆ కొత్త పిల్లని అక్క సీట్లోనే కూర్చోబెడతారా?"

"ఇంకో సీటెక్కడుంది?"

"అక్కకి కోపం వస్తుంది."

"వచ్చేది."

"ఏంటి?"

"కోపం వచ్చేది చెల్లెమ్మా. మీ అక్కకి."

"అదేగా నేనూ అంది! మీతో పెద్ద చిక్కొచ్చి పడింది. సరే, ఆపెయ్యండి. ఆపేముందు ఒక్క పని చేసిపెట్టండి. రేపు ఒక్కరోజు. వార్తలన్నీ అయ్యాక ఒకే ఒక్క వాక్యం. 'అమ్మా, నాకు ఇంకా దూరం బదిలీ అయింది, ఇక వార్తలు చదవను' అని. అంతే. అమ్మ ఊరుకుంటుంది."

"ఊరంతా వింటుంది కదా అది!"

"విననివ్వండి."

"చెల్లెమ్మా, మీ అక్క ఈ గదిలో 'ప్రజలారా' అంది, 'పన్ను' అంది, 'కుళాయి' అంది. 'అమ్మా' అని ఎందుకంటుంది?"

"అని ఉండదా? ఇన్నేళ్ళలో? అంది కదూ? మీ మొహమే చెప్తోంది. అంది."

"ఒక్కసారి. మధ్యలో ఫోనొచ్చింది. చెరిపెయ్యాల్సిందే. చెయ్యి రాలేదు."

"పెట్టండి."

"వద్దు."

"అన్నయ్యా, పెట్టండి. మీ కాళ్ళు పట్టుకోమంటారా?"

"ఛ, అవేం మాటలు. ఉండు. ఇదిగో."

"'...వార్డు ప్రజలకు విజ్ఞప్తి. రేపు ఉదయం... సౌండూ, ఆపు ఆపు, ఇంటి నుంచి ఫోను. ఆఁ, అమ్మా. రికార్డింగులో ఉన్నా. చిన్నది తిందా? తినకుండానే పోయిందా? దానికి నువ్వే అలుసిచ్చి పెట్టావు. నేనొచ్చి చెప్తాగా దాని సంగతి. సరే, పెట్టెయ్. సౌండూ, కానీ. రేపు ఉదయం...'"

"ఆపకండి."

"అయిపోయింది. ఆ తర్వాత చెత్త బండి సంగతి."

"మళ్ళీ పెట్టండి."

"వద్దమ్మా."

"మొత్తం వద్దు. 'నేనొచ్చి చెప్తా' అంది చూశారా, అక్కడ. అది మళ్ళీ."

"చెల్లెమ్మా..."

"వచ్చి చెప్తా అంది. విన్నారుగా మీరు కూడా."

"నన్నొకటి అడగనీ. ఏమీ అనుకోకు. ఆసుపత్రిలో సంతకం పెట్టింది నువ్వే కదా?"

"నేనే. ఇంకెవరున్నారు?"

"ఇక్కడ ఆఫీసుకొచ్చి చెప్పింది కూడా..."

"నేనే. కాగితాలన్నీ నేనే ఇచ్చా. అన్నీ దగ్గరుండి నేనే చూశా. నాకేం అన్నయ్యా, నేను గట్టిదాన్ని. నా కంట నీళ్ళు కూడా రాలేదు. ఇదంతా అమ్మ గురించి. అమ్మ తట్టుకోలేదు. పొద్దున అక్క మంచం మీద దుప్పటి మార్చి వచ్చా. ఎందుకు? అమ్మ గోడ పట్టుకుని అటు నడుస్తుంది కదా, మంచం తీసేస్తే చేతికి తెలిసిపోతుంది."

"దుప్పటి మార్చకపోయినా తెలుస్తుందా?"

"మాసిన దుప్పటి మీద అక్క పడుకోదు. మీరు మాట మార్చకండి. ట్యాంకరు గొడవ ఎప్పటిదో. ఇప్పుడెందుకు ఆపుతున్నారు? నిజం చెప్పండి."

"ఫిర్యాదొచ్చింది."

"ఎవర్నించి?"

"వార్డులో ఒకావిడ."

"పక్కింటావిడేనా? తలుపేసుకునే మహాతల్లి?"

"కాదు."

"మరెవరు? ఏమందట?"

"పోయిన పిల్ల చేత ఇంకా చాకిరీ చేయిస్తారేంటి, వదిలెయ్యండి దాన్ని, అంది. ఎలా కనిపెట్టారని అడిగా. ఒకే వాక్యంలో ఒక మాట జలుబుతో ఉంది, పక్క మాటకి జలుబు లేదు, అంది. చూసుకున్నా. నిజమే. వానాకాలంలో చదివిన ముక్కా, ఎండాకాలంలో చదివిన ముక్కా కలిపి కుట్టేశాను. ఊళ్ళో ఎవరూ పట్టుకోలేదది. నేనే పెద్దాయన దగ్గరికెళ్ళి, ఇక నా వల్ల కాదన్నా."

"మీరే వెళ్ళారా! ఎవరో దారినపోయేవిడ చెప్తే? ఆవిడ ఇల్లెక్కడో చెప్పండి."

"ఎందుకులే."

"నేను మాట్లాడుకుంటా. అమ్మ సంగతి చెప్పుకుంటా. ఆవిడకీ పిల్లలుంటారు కదా, కరుగుతుంది. చెప్పండి ఎక్కడ?"

"చెల్లెమ్మా, నువ్వు షాపుకెళ్ళు. ఆలస్యమవుతోంది."

"ఫోన్ మోగుతోంది."

"మోగనీ."

"అదేంటి, ఫిర్యాదుల ఫోను కదా? ఎత్తరా?"

"తర్వాత చేస్తారులే. నువ్వు బయల్దేరు."

"ఆవిడేనా? అందుకేనా ఎత్తట్లేదు? ఇటివ్వండి, నేనే అడుగుతా. ఏదీ... ఇదేంటి?"

"ముట్టుకోకు చెల్లెమ్మా."

"ఇది మా ఇంటి నంబరు. మా ఇంటి నంబరన్నయ్యా! అమ్మకేమైనా అయిందేమో. ఎత్తండి! అందరికీ వినపడేట్టు పెట్టండి!"

"పెడతా. ముందు నువ్విక్కడున్నావని ఆవిడతో చెప్పు."

"వద్దు, షాపు మానేసి ఎందుకొచ్చానని కంగారు పడుతుంది. మీరు మాట్లాడండి, త్వరగా!"

"హలో."

"సౌండు బాబేనా?"

"నేనేనమ్మా. ఇక్కడ..."

"ఇవాళ ఎక్కడా తేడా తెలీలేదు నాయనా. ఆఖరి రోజని మనసు పెట్టి చేసినట్టున్నావు."

"అమ్మా, ఒక్క నిమిషం, ఇక్కడ..."

"నన్ను చెప్పనీ బాబూ. చిన్నది షాపుకెళ్ళినప్పుడే కదా నాకు వీలయ్యేది. ఈ నంబరు నాకెవరు నేర్పారనుకున్నావు? మా పెద్దదే. రోజూ వార్తల ఆఖర్న అదే కదా చెప్తుంది. రేపట్నించి కొత్తమ్మాయేగా? నువ్వు మెత్తబడిపోలేదుగా?"

"లేదమ్మా. కానీ..."

"మెత్తబడకు. నాకు మాత్రం బాధ లేదా? ఆ గొంతు వినపడితే నా ప్రాణం లేచొస్తుంది. రేపట్నించి ఎలా తెల్లవారుతుందో నాకే తెలీదు. అయినా ఆపమన్నా కదా, ఎందుకన్నానో తెలుసా? ఆసుపత్రి నుంచి చిన్నది ఒక్కత్తే వచ్చి మెట్లెక్కింది చూడు, ఆ అడుగుల చప్పుడుకే నాకు తెలిసిపోయింది. నేను ఏడిస్తే అదేమైపోతుందోనని దిండులో మొహం దాచుకున్నా. బదిలీ అంది. సరేనమ్మా అన్నా. నా కోసమే మొదలుపెట్టింది పిచ్చిది, చివరికి తనే నమ్మేసింది."

"అమ్మా, దయచేసి..."

"ఇప్పుడు మేమిద్దరమే కదా, మూడు కంచాలు పెడుతోంది. నాకు కళ్ళు లేకపోతేనేం, చప్పుడు వినపడదా? పడుకునే ముందు ఆ ఖాళీ మంచం వైపు తిరిగి 'అక్కా, లైటు తీసెయ్యనా' అంటుంది. కాసేపాగి తీసేస్తుంది. వినేవాళ్ళెవరూ లేరనుకుంటుంది. నువ్వు చేసే ఆ గొంతే దాన్నిలా చేస్తోంది బాబూ. నిన్ననను, మంచికే చేశావు."

"మీరు కాసేపు ఆగండమ్మా, పక్కన..."

"ఒక్కటి అడిగి పెట్టేస్తా. రేపు పొద్దున స్పీకర్లో వేరే గొంతు వినపడగానే అది వచ్చి నా మొహంలోకి చూస్తుంది. అప్పుడు నేనే చెప్పాలి కదా. ఎలా చెప్పను నాయనా? వాళ్ళక్క పోయిందని దానికింకా తెలీదు."