గడ్డి వెంట పోయిన గేదె

చినకొండయ్య ఉన్నాడే, మనిషి మంచోడే గానీ, ఎవరన్నా ‘అయ్యా’ అని పిలిస్తే చాలు, కరిగిపోతాడంట. ఆ ఏడు వానల్లేవు, గడ్డి బంగారమైపోయిందనుకో. అప్పుడు ఏమైందంటే, మన ఊరవతల సర్కారోళ్ల గేదెల ఫారం ఉంది చూడు, ఏ మేత పెడితే ఎన్ని పాలిస్తయ్యో పరీక్షలు చేస్తారే, అదీ, ఆ ఫారానికి గడ్డి కావాలని జీపేసుకొని వచ్చారంట. ఊళ్లో వాములన్నీ చూశారు. ఒకటి తడిసిందన్నారు, ఒకటి బూజన్నారు. చినకొండయ్య వాము కాడికొచ్చి, ‘అయ్యా, ఇట్టాంటి గడ్డి మేం యాడా చూళ్లేదయ్యా’ అన్నారంట. అంతే! మనోడు ఉబ్బిపోయి, వాము మొత్తం తోలుకుపొమ్మన్నాడు. పెళ్లాం ఆదెమ్మ పుట్టింటికి పోయుంది. వచ్చిందాకా ఆగి అడుగుదామనన్నా అనుకోలా.

ఆ సాయంత్రమే ఆదెమ్మ తిరిగొచ్చి చూస్తే ఏముంది, దొడ్డి బోడిగుండులా ఉంది! ‘ఏమయ్యా, గడ్డేదయ్యా?’ అంటే, ‘సర్కారోళ్లు బతిమాలి కొనుక్కుపోయారే’ అన్నాడంట. ‘మరి నల్లపిల్ల ఏం తింటది, నీ మీసాలా?’ అంది. నల్లపిల్లంటే వాళ్ల గేదె, ఇంటిల్లిపాదికీ ఆ పాలే ఆధారం. కొట్టంలో చూస్తే అదీ లేదు! పలుపు తెంపుకొని పోయిందంట. ఎటు పోయింది? ఇంకెటు, గడ్డి బండి వెంట! వెనకమాల పరకా పరకా పీక్కుంటా, నడిచి నడిచి, బండితో పాటే ఫారం గేటు దూరింది. లోపలోళ్లు ఇదీ మనదే అనుకొని చెవికి పచ్చ బిళ్ల కొట్టి వరసలో కట్టేశారు, చూడు!

ఆదెమ్మ కొంగు దోపుకొని ఫారానికి ఉరికింది. ఆడ చూస్తే, పాలు పిండబోయినోణ్ణి నల్లపిల్ల ఎగిరి తన్నింది, బక్కెట అటు, మనిషి ఇటు! ‘ఓసి నల్లపిల్లా!’ అని ఈమె పిలిచేతలికి, అది మోరెత్తి ఒకటే అరుపంట. ఆదెమ్మకి ఏడుపాగలా. ఫారం డాక్టరమ్మ నవ్వుకుంటా వచ్చి, ‘నీ గేదేనమ్మా, తోలుకుపో’ అంది. అప్పుడు ఆదెమ్మ ఏం చేసిందో తెలుసా? ఆ గేదె పక్కనే చతికిలబడింది. ‘తోలుకుపోయి ఏం పెట్టేదమ్మా? దాని తిండంతా మీ కాడే ఉండె. గడ్డన్నా ఇయ్యి, గేదెనన్నా మేపు’ అంది. ‘సర్కారు కొన్న గడ్డి నేనెట్టా ఇచ్చేదమ్మా? పరీక్షలో ఉన్న గేదెలకే పెట్టాల’ అని డాక్టరమ్మ నల్లపిల్ల చెవి బిళ్ల వంక చూసి, ‘ఊరి గేదెల్ని గూడా పరీక్షకి తీసుకోమని మాకు ఉత్తరువుంది. వానలు పడిందాకా ఇది ఈడే తింటది, నువ్వొచ్చి పిండుకో. మేం పాలు కొలుచుకుంటాం, ఆ పాలు నువ్వే పట్టకపో’ అందంట.

ఇంకేం! సొంత గడ్డే, సొంత గేదే, మేపేది సర్కారు. వానలు పడి తోలుకొచ్చేనాటికి నల్లపిల్ల పీపాలా నిగనిగలాడతా ఉందంట. చినకొండయ్య దాని ముందర నడుస్తా, ‘ఇదంతా నా పన్నాగమేరా’ అని దోవలో కనపడినోడికల్లా చెప్పాడు. ఆదెమ్మ పక్కకి తిరిగి నవ్వుకుంది.

ఆ పరీక్షల్లో ఏం తేలిందో డాక్టరమ్మకే తెలియాల. మా ఊళ్లో తేలింది మాత్రం ఒకటేరా నాయనా: గడ్డి అమ్మేముందు పెళ్లాన్నడగాల. పెళ్లాం ఊళ్లో లేకపోతే గేదెనన్నా అడగాల!